బెంచీ మీద రెండో కుర్చీ

పొద్దున ఐదున్నర. చెన్నైలో రాత్రంతా వాన. కాలేజీ బాస్కెట్‌బాల్ కోర్టులో ఫ్రీ త్రో గీత దగ్గర నీళ్లు మడుగు కట్టాయి. అందరికంటే ముందొచ్చిన మనిషి ట్రాక్‌ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, చీపురుతో ఆ నీళ్లను అంచుకు తోసేస్తోంది. మిగిలిన తడి మీద గోనెసంచి పరిచి కాలితో అద్దుతోంది. సిమెంటు నేల ఆరకపోతే పిల్లల చీలమండలు మెలికపడతాయి. ఆమె ఈ జట్టు అసిస్టెంట్ కోచ్.

ఆరింటికి అమ్మాయిలు దిగారు. అటువైపు హెడ్ కోచ్ ఐదుగురి చేత కొత్త ప్లే ఆడిస్తున్నారు. మీరు ఇటు రండి, రెండో రింగు కిందికి. నెల్లూరు నుంచి వచ్చి స్పోర్ట్స్ కోటాలో చేరిన పిల్ల ఇక్కడ ఒంటరిగా షాట్లు వేస్తోంది.

"అక్కా, ఈసారి నన్ను పన్నెండు మందిలో తీసుకుంటారా?"

"ముందు ఆ మోచెయ్యి లోపలికి పెట్టమ్మా. తక్కినవి తర్వాత చూద్దాం."

పక్కకు జారుతున్న మోచేతిని అసిస్టెంట్ కోచ్ రెండు వేళ్లతో సర్ది, ఒక అడుగు వెనక్కి తగ్గింది. 3.05 మీటర్ల ఎత్తున ఉన్న రింగుకు తగిలి బంతి బయటికి దూకింది. పిల్ల మళ్లీ వేసింది. మళ్లీ పోయింది. నాలుగోసారి వల ఒక్కటే కదిలింది. అక్క మెచ్చుకోలేదు, బంతి తెచ్చి మళ్లీ చేతికిచ్చింది.

ఈ ఊరికి ఈ ఆటతో పాత చుట్టరికం ఉంది. 1891లో జేమ్స్ నైస్మిత్ బాస్కెట్‌బాల్‌ను కనిపెట్టింది అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ వైఎంసీఏ శిక్షణ పాఠశాలలో. అక్కడ చదువుకున్న హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల స్థాపించాడు. ఇప్పుడు నందనంలో ఉన్న ఆ కళాశాల దక్షిణాది బడులకు తరతరాల డ్రిల్ మాస్టర్లను ఇచ్చింది. చెన్నై అమ్మాయి అనితా పాల్‌దురై దక్షిణ రైల్వేలో ఉద్యోగం చేస్తూ భారత జట్టుకు కెప్టెన్ అయింది. 2021లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది.

మన అక్క కూడా అలాంటి ఉద్యోగం మీదే ఆశ పెట్టుకుంది. యూనివర్సిటీ జట్టుకు ఆడింది. మోకాలు దెబ్బతిని ఆ ఆశ పోయింది. బీపీఈడీ, ఆపైన పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో కోచింగ్ డిప్లొమా చేసి మళ్లీ కోర్టుకే వచ్చింది.

సాయంత్రం మ్యాచ్. బెంచీ వెనక కూర్చోండి. ఆట నడుస్తుండగా హెడ్ కోచ్, మొదటి అసిస్టెంట్ కోచ్‌లలో ఒక్కరే నిలబడాలని అంతర్జాతీయ నియమం. ఆయన నిలబడి అరుస్తున్నారు, ఆమె కూర్చుని రాసుకుంటోంది. చివరి క్వార్టర్. రెండు పాయింట్లు వెనకబడ్డాం. ఆయన టైమ్ అవుట్ అడిగారు. ఉన్నది ఒక్క నిమిషం. ఆమె నోట్‌బుక్ ఆయన ముందు పెట్టింది: "సార్, వాళ్ల పొడుగు సెంటర్‌కి నాలుగు ఫౌళ్లు. కాళ్లు కదలడం లేదు. నేరుగా ఆమె మీదికే వెళ్దాం."

మన గార్డు బంతి తట్టుకుంటూ లోపలికి దూసుకుపోయింది. సెంటర్ ఆలస్యంగా చెయ్యి అడ్డుపెట్టింది. విజిల్. ఐదో ఫౌల్! రింగు కింద కొండలా నిలబడిన ఆ అమ్మాయి తల వంచుకుని బయటికి నడిచింది. ఆ తర్వాత దారి తెరుచుకుంది, మ్యాచ్ మనదైంది.

హెడ్ కోచ్ చుట్టూ కరచాలనాలు. అక్క చెమట బనియన్లు లెక్కపెట్టి సంచిలో సర్దుతోంది. ఇలాంటి వాళ్లు చాలామంది ఏడాదికోసారి పొడిగించే ఒప్పందాల మీదే నెట్టుకొస్తున్నారు. కాలేజీలో శాశ్వత ఫిజికల్ డైరెక్టర్ కావాలంటే సాధారణంగా వ్యాయామ విద్యలో పీజీ, దానిపైన నెట్ గానీ, స్లెట్ గానీ, పీహెచ్‌డీ గానీ ఉండాలి. కోచింగ్ డిప్లొమా ఒక్కటే చాలదు. పొద్దున ఐదున్నరకు కోర్టు తుడిచి, సాయంత్రం మ్యాచ్ మలుపు తిప్పిన మనిషికి వచ్చే ఏడాది జీతం ఉంటుందో లేదో తెలియకపోవడం అన్యాయం. కప్పులు అద్దాల బీరువాలో పెట్టుకునే కాలేజీలు ఈ రెండో కుర్చీకి పక్కా ఉద్యోగం, సరైన జీతం ఇవ్వాలి.