సభను బట్టి మాట

1879లో రాజమండ్రిలో వితంతు వివాహాలను సమర్థిస్తూ ఉపన్యసించిన కందుకూరి వీరేశలింగానికి అసలు చిక్కు పండితులతోనే. బాలవితంతువుల కష్టాలు ఎంత చెప్పినా, శాస్త్రం ఒప్పుకోదు అనే ఒక్క మాటతో వాళ్లు తోసిపుచ్చగలరు. అందుకే ఆయన పరాశర స్మృతిని ఆధారం చేసుకున్నారు. బెంగాల్లో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ అంతకుముందే పట్టిన దారి అది. వాదోపవాదాలు చాలానే నడిచాయి. చివరికి 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిగింది.

1907 ఏప్రిల్‌లో అదే రాజమండ్రికి జాతీయోద్యమ నాయకుడు బిపిన్ చంద్రపాల్ వచ్చారు. ఆయన మాట్లాడింది ఇంగ్లీషులో. జనానికి దాన్ని తెలుగులో అందించింది కవి చిలకమర్తి లక్ష్మీనరసింహం. భరతఖండాన్ని పాడి ఆవుగా, తెల్లవారిని దూడల మూతులు బిగగట్టి పాలు పిండుకునేవాళ్లుగా చూపిస్తూ చిలకమర్తి అక్కడ ఆశువుగా ఒక పద్యం చెప్పారు. పాల్ ఉపన్యాసాల్లో ఒక్క వాక్యమైనా ఇవాళ ఎవరికీ నోటికి రాదు. పద్యం మాత్రం తెలుగునాట ఇప్పటికీ నిలిచే ఉంది.

వినేవాళ్లకు తగ్గట్టు మాటను మలిచే ఈ కిటుకును అందరికంటే బాగా పట్టినవారు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఎడింబరోలో ఎమ్మే చదివారు. ఆనంద కుమారస్వామితో కలిసి అభినయ దర్పణాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. అంతటి చదువరి చీరాల జనం ముందుకు వచ్చేసరికి పుస్తకం పక్కన పెట్టి పాట, పద్యం, రామభక్తి అందుకున్నారు. కార్యకర్తల దళానికి రామదండు అని పేరు పెట్టారు. పేరు వినగానే ఎవరి పక్షాన ఎవరున్నారో పామరుడికైనా అర్థమైపోతుంది, విడమరిచి చెప్పే పనే లేదు! 1921లో మునిసిపాలిటీ పన్నులకు నిరసనగా చీరాల, పేరాల జనం వేలాదిగా ఇళ్లు వదిలి, ఊరి బయట రామనగర్‌లో పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు.

అదే కిటుకుతో, 1943లో పుట్టిన కళాకారుల సంస్థ ప్రజానాట్యమండలి బుర్రకథను చేపట్టింది. పొన్నెకల్లు నాజర్ కథ చెబుతుంటే పక్కన వంతపాడే ఇద్దరిలో ఒకడు రాజకీయం ఎత్తుకుంటాడు, రెండోవాడు హాస్యమాడుతూ జనం తరఫున అడ్డుప్రశ్నలు వేస్తాడు. విసుగు పుట్టేలోపే నవ్వు, అనుమానం వచ్చేలోపే జవాబు. ఒప్పించే ప్రసంగానికి ఇంతకంటే పకడ్బందీ అల్లిక తెలుగులో మరొకటి లేదు.

1982లో ఎన్.టి.రామారావు తన ప్రచార వాహనం చైతన్యరథం మీద నిలబడి, ఆగిన చోటల్లా తెలుగువారి ఆత్మగౌరవం గురించి మాట్లాడారు. తెరమీద రాముడిగా, కృష్ణుడిగా చూసిన జనానికి ఆ గొంతు ముందే పరిచయం, కాబట్టి ఉపోద్ఘాతంతో పనిలేకపోయింది. ఆ సౌకర్యం లేని నేటి నాయకులు ఒకే పాఠాన్ని శ్రీకాకుళంలోనూ అనంతపురంలోనూ అప్పజెప్పేముందు ఒక్క బుర్రకథైనా పూర్తిగా చూస్తే మంచిది.