కీలెరిగిన మడత

మోచేతిలో ఉన్నదీ కీలే, తలుపుకి ఉన్నదీ కీలే. 'కీలకం' అన్న మాట వెనక కూడా కీలమే ఉంది. సంస్కృతంలో కీలమంటే మేకు, చీల. ఒక వ్యవహారంలో ముఖ్యమైనదేదో చెప్పాల్సొస్తే భాష పోయి పోయి ఒక చిన్న మేకుని చూపించింది. మడతపెట్టే ఫోన్ల గురించి మాట్లాడేటప్పుడు మాత్రం మనం ఎప్పుడూ తెర గురించే మాట్లాడతాం. అదే కథని కీలు వైపు నుంచి చదివితే ఎలా ఉంటుందో చూద్దామని ఈ వ్యాసం.

1981లో వచ్చిన ఆస్బోర్న్ 1ని 'పోర్టబుల్' కంప్యూటర్ అన్నారు. బరువు సుమారు 11 కిలోలు. ఆ మరుసటి ఏడే గ్రిడ్ కంపాస్ వచ్చింది. మెగ్నీషియం పెట్టె, సుమారు 5 కిలోలు, ధర 8,150 డాలర్లు. దాన్ని డిజైన్ చేసిన బిల్ మాగ్రిడ్జ్ తెరని ఆల్చిప్ప మూతలా కీబోర్డు మీదికి వాల్చేశాడు. ఇవాళ మన బ్యాగుల్లో ఉన్న ల్యాప్‌టాప్ రూపం దాదాపు అదే.

తలుపు కీలుకి తిరగడం వస్తే చాలు. ల్యాప్‌టాప్ కీలు తిరగాలి, వదిలిన చోట ఆగాలి కూడా. బిగువు ఎక్కువైతే మూతతో పాటు కింది భాగమూ లేస్తుంది, తక్కువైతే తెర వెనక్కి వాలిపోతుంది. ఈ రెండిటి మధ్య సరిపడా రాపిడిని ఏళ్ల తరబడి నిలబెట్టడమే అక్కడి ఇంజినీరింగు. మాగ్రిడ్జ్ తర్వాతి రోజుల్లో ఒక సంగతి చెప్పేవాడు. నమూనా చేతికొచ్చి వాడటం మొదలెట్టాక, తను అంత కష్టపడి చేసిన పెట్టెని మర్చిపోయి లోపలి సాఫ్ట్‌వేర్‌లో మునిగిపోయాడట. ఇంటరాక్షన్ డిజైన్ వైపు అతను మళ్లడానికి ఆ అనుభవమే కారణం. సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి నాకు ఈ కథ నచ్చాలి. నచ్చుతుంది కూడా. కానీ మరుపున పడ్డ ఆ కీలు మీద కొంచెం జాలేస్తుంది.

ఫోన్లలోనూ అదే వరస. 1996లో మోటరోలా స్టార్‌టాక్ 88 గ్రాములకి దిగింది. 2004లో రేజర్ వి3 మందం 13.9 మి.మీ. అయితే వీటన్నిట్లో కీలు రెండు గట్టి ముక్కల మధ్య ఉంది. తెర ఒక పక్క, మీటలు ఒక పక్క. మడత మీద వంగాల్సినవి లోపలి తీగలే.

తెరే మడత మీదికి వచ్చేసరికి లెక్క మారింది. మెత్తటి అట్ట పుస్తకాన్ని మధ్యకి వంచి చూడండి, పేజీల అంచులు ఒకదాని మీద ఒకటి జారతాయి. లోపలి పేజీకీ బయటి పేజీకీ వంపులో దూరం ఒకటి కాదు. పొరలు అతుక్కుని ఉంటే జారలేవు, బయటి పొర సాగాలి. ఎంత సాగాలో సుమారుగా తెలియాలంటే మందాన్ని వంపు వ్యాసంతో భాగిస్తే చాలు. 3 మి.మీ. వ్యాసంతో 30 మైక్రాన్ల గాజుని వంచితే 1 శాతం. అదే 0.6 మి.మీ. గాజైతే 20 శాతం, అంటే ముక్కలే. కాబట్టి తెర పల్చబడాలి, లేదా వంపు పెద్దదవ్వాలి. వంపు ఎంత ఉండాలో తేల్చేది కీలు.

2019 ఫిబ్రవరిలో శాంసంగ్ గెలాక్సీ ఫోల్డ్‌ని ప్రకటించింది. ధర 1,980 డాలర్లు. అమెరికాలో ఏప్రిల్ 26న అమ్మకాలు మొదలవ్వాలి. ఈలోగా సమీక్షకుల చేతుల్లోనే కొన్ని తెరలు పోయాయి. కొందరు పైనున్న రక్షణ పొరని ప్లాస్టిక్ కాగితం అనుకుని పీకేశారు. ఇంకో ఫోన్‌లో తెర కింద ఏదో ఉబ్బింది. అమ్మకాలు వాయిదా పడ్డాయి. వస్తువుల్ని విప్పి చూపించే ఐఫిక్సిట్ సంస్థ ఆ ఫోన్‌నీ విప్పి, కీలు చుట్టూ ఉన్న సందుల్లోంచి దుమ్ము లోపలికి పోగలదని రాసింది. ఆ ఫోన్ ఇచ్చిన భాగస్వామి ద్వారా శాంసంగ్ కోరడంతో ఆ నివేదికని తీసేసింది. సెప్టెంబరులో ఫోల్డ్ మళ్లీ వచ్చినప్పుడు కీలు పైనా కిందా మూతలు వచ్చాయి, రక్షణ పొర అంచు చట్రం కిందికి వెళ్లింది. 2020లో వచ్చిన జెడ్ ఫ్లిప్ కీలు లోపల దుమ్ముని ఆపడానికి నైలాన్ కుచ్చులు కూడా పెట్టారు.

ఇక మందం సంగతి. మొదటి ఫోల్డ్ మూస్తే రెండు సగాల మధ్య సందు మిగిలేది, కీలు దగ్గర 17.1 మి.మీ. దీనికి జవాబు నీటిబొట్టు ఆకారం. మూస్తున్నప్పుడు తెర వెనకున్న పలకలు పక్కకి తప్పుకుని నడుమ ఖాళీ ఇస్తాయి, తెర అందులోకి బొట్టులా దిగుతుంది. వంపు పెద్దదవుతుంది, బయట సగాలు రెండూ ఆనుకుంటాయి. 2021 డిసెంబరులో వచ్చిన ఒప్పో ఫైండ్ ఎన్ కీలులో ఇందుకు 136 భాగాలున్నాయి. శాంసంగ్ 2023లో ఈ దారికొచ్చింది. 2025 నాటి ఫోల్డ్ 7 మూస్తే 8.9 మి.మీ., తెరిస్తే 4.2. మొదటిది 276 గ్రాములైతే ఇది 215. పల్చదనం ఊరికే రాలేదు. అంతకుముందు తెర మీద రాయడానికి పనికొచ్చిన ఎస్ పెన్ సదుపాయం ఇందులో లేదు.

తలుపు కిర్రుమంటే బందుకి చుక్క నూనె వెయ్యడం ఇంట్లో అందరికీ తెలుసు. నూటముప్ఫై ఆరు భాగాల కీలుకి ఆ చుక్క ఎవరు వెయ్యాలి? రెండోసారి వచ్చిన గెలాక్సీ ఫోల్డ్‌కి మరమ్మతు సౌలభ్యంలో ఐఫిక్సిట్ ఇచ్చింది పదికి రెండు మార్కులు. పల్చదనం ప్రకటనలో కనిపిస్తుంది, విప్పలేకపోవడం కొన్నాక కనిపిస్తుంది.

కీలెరిగి వాత పెట్టమన్నారు పెద్దలు. వాడేవాడు కీలుని మర్చిపోవడం డిజైనర్ గెలుపే, మాగ్రిడ్జ్ కథ చెప్పేది అదే. చరిత్ర రాసేవాడు కూడా మర్చిపోతే మాత్రం నష్టం. ఆ ఏప్రిల్‌లో తెర ఎందుకు పాడైందో వివరించిన కాగితం అంటూ ఏదైనా ఉంటే, అది కీలు పక్కనున్న సందు గురించి రాసినదే. ముందు తీసేసిందీ దాన్నే.