బూడిదరంగు ఫెర్గూసన్: విప్పేకొద్దీ చరిత్ర

1958 జనవరి 4న ఎడ్మండ్ హిల్లరీ దక్షిణ ధ్రువం చేరాడు. ఎవరెస్టు ఎక్కి అప్పటికి అయిదేళ్లు కూడా నిండలేదు. ఈసారి ఆయన్ను మోసుకెళ్లింది పొలం దున్నే ట్రాక్టరు. మంచులో కూరుకుపోకుండా చక్రాలకు పట్టాలు తొడిగి, చలిగాలికి అడ్డంగా గుడ్డ కట్టుకుని, మూడు ఫెర్గూసన్ టీఈ20 ట్రాక్టర్లతో ఆయన బృందం ఆ ప్రయాణం సాగించింది. మోటారు వాహనాలతో నేల మీదుగా ధ్రువం చేరినవాళ్లలో వాళ్లే మొదటివాళ్లు.

ఆ రకం ట్రాక్టర్లను బ్రిటన్‌లో, ఐర్లండ్‌లో ఎందరో తమ ఇంటి షెడ్డుల్లో ఇప్పటికీ విప్పి, తుప్పు గీకి, మళ్లీ బిగించి నడిపిస్తున్నారు. డెబ్బై ఏళ్లు దాటిన యంత్రం ఇంటి దగ్గరే బాగుపడుతోందంటే అందులో చేసేవాడి ఓపిక ఎంత ఉందో, దాన్ని రూపొందించినవాడి ఆలోచనా అంతే ఉంది. ఆ ఆలోచన కథ తెలుసుకోవడం మనకూ అవసరం. మన ఊళ్లలో తిరిగే ప్రతి ట్రాక్టరు వెనక భాగంలోనూ అది ఉంది.

వెనక్కి తిరగబడే ట్రాక్టర్లు

హ్యారీ ఫెర్గూసన్ 1884లో ఐర్లండ్‌లోని డౌన్ కౌంటీలో, గ్రోవెల్ అనే పల్లెలో రైతు బిడ్డగా పుట్టాడు. సేద్యం కన్నా యంత్రాల మీదే మనసు. 1909 డిసెంబరు 31న తాను తయారుచేసిన విమానంలో తానే ఎగిరాడు. ఐర్లండ్ గడ్డ మీద విమానం నడిపిన మొదటి మనిషి ఆయనే.

మొదటి ప్రపంచయుద్ధం నాటికి తిండిగింజల కొరత పెరిగింది. ట్రాక్టర్ల పని మెరుగుపరిచే బాధ్యతను 1917లో ఐర్లండ్ వ్యవసాయ బోర్డు ఆయనకు అప్పగించింది. అప్పట్లో నాగలిని ట్రాక్టరు వెనక గొలుసుతోనో కడ్డీతోనో కట్టి ఈడ్చేవారు. నాగలి మొన రాతికి తగిలి ఆగిపోతే వెనక చక్రాలు కదల్లేవు. ఇంజిన్ బలమంతా ముందు భాగాన్ని పైకెత్తేది. ట్రాక్టరు వెనక్కి తిరగబడి డ్రైవరు మీద పడేది. అలా ప్రాణాలు పోయినవాళ్లు ఉన్నారు. దీనికి విరుగుడుగా చాలామంది ట్రాక్టరు బరువు పెంచారు. బరువు పెరిగేకొద్దీ నేల గట్టిపడుతుంది, ఇంధనం ఖర్చు పెరుగుతుంది.

ఫెర్గూసన్ వేరే దారి పట్టాడు. నాగలిని ఈడ్చడం మానేసి, ట్రాక్టరు శరీరంలో భాగంగా మూడు చోట్ల తగిలించాడు. కింద రెండు చేతులు, పైన ఒక టాప్ లింకు. మట్టి ఎదురుతన్నినప్పుడు ఆ ఒత్తిడి టాప్ లింకు గుండా ముందుకు వెళ్లి ముందు చక్రాలను నేలకు అదుముతుంది. నాగలి బరువు, అది తిరగేసే మట్టి బరువు వెనక చక్రాల మీదికి చేరి పట్టునిస్తాయి. మట్టి గట్టిగా తగిలితే హైడ్రాలిక్ యంత్రం నాగలిని తనంతట తాను కాస్త పైకెత్తి లోతు సరిచేస్తుంది. రాయి అడ్డొస్తే వెనక చక్రాల మీద భారం తగ్గి అవి ఉన్నచోటే జారతాయి తప్ప ట్రాక్టరు తిరగబడదు. తేలికపాటి యంత్రం బరువైన ట్రాక్టరు పని చేయగలిగింది.

కరచాలనం, కోర్టు, కోవెంట్రీ

1936లో డేవిడ్ బ్రౌన్ సంస్థతో కలిసి తెచ్చిన ట్రాక్టరు పెద్దగా అమ్ముడుపోలేదు. 1938లో ఫెర్గూసన్ అమెరికా వెళ్లి హెన్రీ ఫోర్డు ఎదుట తన ట్రాక్టరుతో దున్ని చూపించాడు. రాతకోతలేవీ లేకుండా కరచాలనంతోనే ఒప్పందం కుదిరింది. మరుసటి ఏడాది ఫోర్డు 9ఎన్ వచ్చింది. యుద్ధం తర్వాత ఫోర్డు మనవడి హయాంలో ఆ బంధం తెగిపోయింది. తన విధానాన్ని వాడుకున్నారంటూ ఫెర్గూసన్ 25 కోట్ల 10 లక్షల డాలర్లకు దావా వేశాడు. చివరికి 1952లో 92 లక్షల 50 వేల డాలర్లకు రాజీ కుదిరింది.

ఈలోగా ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ నగరంలో, యుద్ధకాలంలో విమాన ఇంజిన్లు చేసిన బ్యానర్ లేన్ కర్మాగారంలో, స్టాండర్డ్ మోటార్ కంపెనీ ఫెర్గూసన్ కోసం టీఈ20 తయారీ మొదలుపెట్టింది. 1946 నుంచి 1956 దాకా 5 లక్షల 17 వేలకు పైగా ట్రాక్టర్లు అక్కడి నుంచి వచ్చాయి. అన్నిటికీ ఒకటే బూడిదరంగు.

షెడ్డులో మొదటి పని

పాత టీఈ20 ఇంటికి చేరగానే చాలామందికి చేతులు తాళంచెవి మీదికి పోతాయి. తెలిసినవాళ్లు ముందు ఇంజిన్ కింది నట్టు వదులు చేసి నూనె చూస్తారు. నూనె కన్నా ముందు నీళ్లు కారితే జబ్బు ఎక్కడుందో తెలిసిపోతుంది. స్టాండర్డ్ ఇంజిన్‌లో పిస్టన్లు కదిలే గొట్టాల, అంటే లైనర్ల, చుట్టూ చల్లార్చే నీరు నేరుగా తిరుగుతుంది. ఏళ్ల తరబడి కదలకుండా ఉంటే లైనర్ల అడుగున ఉండే ప్యాకింగులు చెడి, నీరు నూనెలోకి దిగుతుంది. ఈ అమరికలోనే మేలూ ఉంది. అరిగిన లైనర్లను ఇంజిన్ బ్లాకు నుంచి బయటికి తీసి కొత్తవి దించుకోవచ్చు. బోరు కొట్టించడానికి పట్నం మోసుకెళ్లే పనిలేదు.

పిస్టన్లు పట్టేసి ఉంటే ప్లగ్గులు తీసి, ఆ రంధ్రాల్లో పలచటి నూనె పోసి రోజుల తరబడి నాననివ్వాలి. ఆ తర్వాత పెద్ద గేరులో పెట్టి ట్రాక్టరును ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపాలి. ఇక్కడ తొందరపడి బలం చూపిస్తే పగుళ్లే మిగులుతాయి.

ఈ ట్రాక్టరుకు విడిగా ఛాసీ లేదు. ఇంజిన్, గేరుబాక్సు, వెనక ఇరుసు పెట్టె ఒకదానికొకటి బిగిస్తే అదే శరీరం. అందుకే క్లచ్ ప్లేటు మార్చాలంటే ట్రాక్టరును నడుం దగ్గర రెండుగా విడదీయాలి. ముందు ఇరుసు మధ్యలో ఒకే పిన్ను మీద ఊగుతుంది కాబట్టి, విడదీసే ముందు దానికి రెండువైపులా చెక్క మేకులు దిగ్గొట్టాలి. లేకపోతే ఇంజిన్ పక్కకు ఒరిగిపోతుంది. జాకీని ఒక్కదాన్నే నమ్మి కింద దూరకూడదు. గట్టి చెక్కదిమ్మెలు పేర్చిన తర్వాతే దిగాలి.

డ్రైవరు క్షేమం మీద ఫెర్గూసన్‌కు ఎంత శ్రద్ధో గేరు రాడ్డు చెబుతుంది. స్టార్టరుకు వేరే మీట లేదు. గేరు రాడ్డును ఒక ప్రత్యేక స్థానంలోకి తోస్తేనే ఇంజిన్ తిరుగుతుంది. గేరులో ఉండగా పొరపాటున స్టార్టయి ముందుకు దూకే అవకాశమే ఉండదు.

అసలు పరీక్ష లిఫ్టు దగ్గర

బాగుచేసిన ట్రాక్టరు రంగు చూసి మురిసిపోవడం సహజం. దాని ప్రాణం మాత్రం వెనకుంది. నాగలిని ఎత్తే లిఫ్టు లేవడం లేదంటే కంగారుపడే ముందు, పరికరాలకు ఇంజిన్ శక్తిని అందించే పీటీఓ షాఫ్టు మీట వేసి ఉందో లేదో చూడాలి. నాలుగు సిలిండర్ల హైడ్రాలిక్ పంపు ఆ షాఫ్టు మీదే తిరుగుతుంది. మీట వేయకపోతే లిఫ్టు కదలదు. గేరుబాక్సుకూ, వెనక ఇరుసుకూ, హైడ్రాలిక్కుకూ ఒకటే నూనె. అది పాలలా తెల్లబడితే నీరు చేరినట్టే. అంతా కడిగి కొత్త నూనె పోయాల్సిందే. లేచిన చేతులు ఇంజిన్ ఆపగానే దిగిపోతుంటే లిఫ్టు పిస్టన్ రింగులో, వాల్వులో అరిగాయని అర్థం. నాగలి తగిలించి చాలు వేస్తే లోతు చెదరకుండా నిలవాలి. అప్పుడే ఆ ఫెర్గూసన్ మళ్లీ బతికినట్టు.

మన మ్యాసీల సంగతి

1953లో ఫెర్గూసన్ కంపెనీ కెనడాకు చెందిన మ్యాసీ హ్యారిస్‌లో కలిసింది. 1958లో దాని పేరు మ్యాసీ ఫెర్గూసన్ అయింది. టీఈ20కి వారసుడిగా 1956లో 35 నమూనా వచ్చింది. 1960ల మొదట్లో మద్రాసులో పుట్టిన టాఫే సంస్థ, మ్యాసీ ఫెర్గూసన్ సహకారంతో మన దేశంలో ట్రాక్టర్ల తయారీ చేపట్టింది. తెలుగు పల్లెలకు బాగా తెలిసిన ఎర్ర మ్యాసీ 1035 ఆ 35 సంతతే. పేటెంట్ల కాలం తీరాక మూడు చోట్ల తగిలించే పద్ధతి ప్రపంచమంతటికీ ప్రమాణమైంది. మన రైతు కల్టివేటరు తగిలించినా, రోటవేటరు తగిలించినా, ఏ కంపెనీ ట్రాక్టరైనా, వాడుతున్నది ఫెర్గూసన్ ఆలోచననే.

మన దగ్గర తొలితరం మ్యాసీలు పాత ఇనుము ధరకు తూకానికి వెళ్లిపోతున్నాయి. ఒక్కొక్కటీ ఆ ఊరి సేద్యం ఎడ్ల నుంచి ఇంజిన్‌కు మారిన కాలానికి సాక్ష్యం. అమ్మేసే ముందు దాని నంబరు ప్లేటు ఫొటో తీసి పెట్టండి. అటక మీద మాన్యువల్ ఉంటే పారేయకండి. ఊళ్లో పాత మెకానిక్ ఉంటే ఆయన పక్కన కుర్రవాణ్ణి కూర్చోబెట్టి ఒక్కసారైనా దాన్ని విప్పించండి. కంప్యూటరు తగిలిస్తే తప్ప లోపమేమిటో తెలియని ఇంజిన్లు పొలాల్లోకి వస్తున్న కాలమిది. యంత్రం కొన్న రైతు దాన్ని విప్పి అర్థం చేసుకోగలగడం కూడా సేద్యపు స్వేచ్ఛలో భాగమే. పాత ట్రాక్టరును బాగుచేసుకునే ప్రతి షెడ్డూ ఆ స్వేచ్ఛను తర్వాతి తరానికి నేర్పే బడి కాగలదు.