కువైట్ వంటింట్లో గంటల లెక్క

వాన మొహం చాటేసిన ఏళ్లలో పాత కడప జిల్లా రాయచోటి, రాజంపేట పల్లెల ఆడవాళ్లు ఎందరో కువైట్ దారి పట్టారు. అక్కడ ఇంటిపని మనిషిని ‘ఖద్దామా’ అంటారు. వంట, పిల్లలు, మంచాన పడ్డ ముసలివాళ్ల సేవ, అన్నీ ఆమెవే.

2010 నాటి కువైట్ కార్మిక చట్టం ఇంటి పనివాళ్లను పక్కన పెట్టేసింది. వీసా యజమాని గుప్పిట్లో ఉండేది.

2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. రోజుకు 12 గంటలే పని, వారానికో సెలవు, ఏటా 30 రోజులు జీతంతో సెలవు. మరుసటి ఏడాది కనీస జీతం 60 దినార్లని తేల్చారు. అదనపు గంటలకు వేరే డబ్బు ఇవ్వాలన్నారు. పన్నెండు గంటలు తక్కువేం కాదు. అయినా పొద్దూ రాత్రీ లేని చాకిరీకి హద్దు గీయడం పెద్ద మాటే. ఇళ్లలోకి వెళ్లి తనిఖీ చేసే ఏర్పాటు మాత్రం ఆ చట్టంలో పెట్టలేదు.