శెనక్కాయ పొట్టు నుంచి ఇథనాల్: అసలు తాళం ఎక్కడుంది?

అనంతపురం వైపు శెనక్కాయలు ఒలిచే మిల్లు ఎప్పుడైనా చూశారా? క్వింటా కాయలు ఒలిస్తే గింజలు 70 కిలోలు, పొట్టు దాదాపు 30 కిలోలు. ఆ పొట్టు ఇటుక బట్టీలకో, బాయిలర్లకో పోతుంది. ‘దాన్నుంచి పెట్రోల్లో కలిపే ఇథనాల్ తీయొచ్చు కదా బ్రో?’ అంటే, తీయొచ్చు. పొట్టులో ఉన్న సెల్యులోజ్ అంటే చక్కెర గొలుసే. 1819లోనే ఫ్రాన్స్‌లో బ్రాకొనో అనే కెమిస్ట్ నారబట్ట పేలికల్ని సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో చక్కెరగా మార్చి చూపించాడు.

యాసిడ్ లేకుండా ఆ పని చేసేది దొరికింది మాత్రం యుద్ధంలో. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో అమెరికా సైన్యం గుడారాలు కుళ్లిపోయేవి. సాలమన్ దీవుల గుడారం గుడ్డ మీద ఒక బూజు పట్టుబడింది. నూలుని చక్కెరగా కోసే ఎంజైమ్ దాని దగ్గర ఉంది! నేటిక్ ఆర్మీ ల్యాబ్‌లో ఎల్విన్ రీస్, మేరీ మాండెల్స్ ఏళ్ల తరబడి దాని వెంట పడ్డారు. చివరికి ఆ బూజుకి రీస్ పేరే పెట్టారు, ట్రైకోడెర్మా రీసై అని. 1973 ఆయిల్ షాక్ తర్వాత గుడారాల శత్రువే ఇంధనానికి ఆశ అయ్యింది.

చిక్కేంటంటే, నూలు దాదాపు శుద్ధ సెల్యులోజ్. మన పొట్టు అలా కాదు. సుమారు 30 శాతం లిగ్నిన్, అంటే గోడకి సిమెంట్ లాంటిది. వరిగడ్డిలో కన్నా బాగా ఎక్కువ. ఎంజైమ్ నేరుగా పోస్తే లోపలికి దూరదు, పైగా లిగ్నిన్‌కే అతుక్కుని వేస్ట్ అవుతుంది. పాస్‌వర్డ్ తెలియకుండా బ్రూట్ ఫోర్స్ కొడుతూ సర్వర్ బిల్లు పెంచుకున్నట్టే. అందుకే ముందు గోడ వదులు చేయాలి. నేటిక్ వాళ్లు పాత న్యూస్‌పేపర్లని మెత్తగా నూరి చూశారు. ఎంజైమ్ బాగా పని చేసింది గానీ, నూరడానికి కరెంట్ తినేస్తుంది. ఇంకో దారి: ఎక్కువ ప్రెషర్‌లో ఆవిరి పట్టించి ఒక్కసారిగా వదిలేయడం. ఈ ట్రిక్‌తో 1920ల్లోనే అమెరికాలో విలియం మేసన్ చెక్కపేళ్లని పీచు చేసి అట్టలు తయారు చేశాడు.

మన దేశంలో 2022 ఆగస్టు 10న పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ ప్లాంట్ ప్రారంభమైంది. ఏటా 2 లక్షల టన్నుల వరిగడ్డి, 3 కోట్ల లీటర్ల ఇథనాల్ అన్నది ప్లాన్. టన్నుకి 150 లీటర్లు.

దాన్ని అనంతపురంలో కాపీ పేస్ట్ చేస్తే నడుస్తుందా? నాకైతే నమ్మకం లేదు. ఆవిరికి మంట సమస్య కాదు, మిగిలిన లిగ్నిన్‌నే కాల్చుకోవచ్చు. సమస్య నీళ్లు. ఆవిరికి నీళ్లు, కడగడానికి నీళ్లు, పులియబెట్టడానికి నీళ్లు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే చోట హంద్రీ-నీవా కాలువలో వచ్చే ప్రతి చుక్క కోసం ఇప్పటికే చెరువులు, పొలాలు క్యూలో ఉన్నాయి.