నాడి నడక, పాదముల నడక

హుజూర్‌నగరు 2016 వరకు నల్లగొండ జిల్లాలోనిది, ఇప్పుడు సూర్యాపేట జిల్లాలోనిది. జిల్లా మారినను, తెల్లవారుజామున అచటి బాటలపై పరుగిడు యువతీయువకుల ఆరాటము మారలేదు. పోలీసు ఉద్యోగములకు 2022లో వెలువడిన ప్రకటన ప్రకారము పురుషులు 1600 మీటర్లను 7 నిమిషముల 15 సెకండ్లలో, స్త్రీలు 800 మీటర్లను 5 నిమిషముల 20 సెకండ్లలో పరుగెత్తవలసి యుండెను. రెండు సెకండ్లు ఆలస్యమైనచో ఏండ్ల తరబడి చదివిన చదువు వృథా. అట్టివారు గుండె వేగమును, అడుగుల లెక్కను చూపు గడియారమును కొనదలచి, ఏది మేలని అడుగుచున్నారు. ధర వేలలో నున్నది. ఆ సొమ్ము తరచుగా తండ్రి పంట సొమ్ము. అందుచేత సమాధానము చెప్పుటకు ముందు ఈ పరికరపు పుట్టుపూర్వోత్తరములను కొంత తడవవలసియున్నది.

నాడిని చూచుట మనకు క్రొత్త కాదు. చరక సుశ్రుతులు నాడీపరీక్షను వివరింపలేదు కాని శార్ఙ్గధర సంహిత దానిని విశదముగ చెప్పినది. తెలుగునాట వైద్యులు ఆదరించిన బసవరాజీయమును నాడిని విస్తరించి చెప్పును. శార్ఙ్గధరుడు నాడిని అంకెలతో లెక్కింపలేదు, దాని నడకను చూచెను. వాతనాడి జలగవలెను పామువలెను, పిత్తనాడి కాకివలెను కప్పవలెను, శ్లేష్మనాడి హంసవలెను పావురమువలెను నడచునట. ఎంత వేగమనుటకన్న ఎట్టి నడక యనుటయే ఆయనకు ముఖ్యము. వైద్యుని చేత సెకండ్ల ముల్లు లేని కాలమది గదా!

అంకె పడమట పుట్టినది. అలెగ్జాండ్రియాలో హీరోఫిలసు నీటిగడియారముతో నాడిని కొలిచెనని ప్రతీతి. 17వ శతాబ్ది ఆరంభమున ఇటలీలో సాంటోరియో లోలకపు దారమును పొడిగించుచు, కుదించుచు, దాని ఊపును రోగి నాడితో కలిపెను. దారపు పొడవే కొలత. 1707లో ఇంగ్లండున జాన్ ఫ్లాయరు నాడిని లెక్కించుటకై సరిగా ఒక నిమిషము నడచు గడియారమును గూర్చి గ్రంథమునే ప్రకటించెను.

ఇవన్నియు కదలక కూర్చున్నవాని నాడినే కొలిచినవి. 20వ శతాబ్ది తొలి ఏండ్లలో ఐంథోవెన్ నిర్మించిన హృదయ విద్యుల్లేఖన యంత్రము సుమారు 270 కిలోల బరువు. రోగి చేతులను, ఒక కాలిని ఉప్పునీట ముంచి కూర్చుండవలెను. పరుగెత్తువాని మాట యేమి? 1940వ దశకపు చివర, అమెరికాలోని మోంటానా రాష్ట్రమున, నార్మన్ హోల్టరు సుమారు 38 కిలోల రేడియో సామగ్రిని, అనగా మన సగము వడ్లబస్తా బరువును, వీపున మోసి, నిలిచియున్న సైకిలును తొక్కుచు తన గుండె సంకేతములను రేడియోద్వారా పంపెను. రేడియోలో పనిచేయు మాకు ఈ ఘట్టముపై కొంత పక్షపాతమున్నదని ఒప్పుకొందుము. గాయకుని కంఠము కాదు, సైకిలు తొక్కువాని గుండెయే ప్రసారమైనది! ఆ బస్తా బరువు ఛాతీపట్టీగ తగ్గుటకు మరి మూడు దశాబ్దములు పట్టెను. ఫిన్లండున ఆచార్యుడు సెప్పో సైనాయాకంగాస్ 1977లో స్థాపించిన పోలార్ సంస్థ, పట్టీనుండి మణికట్టు గడియారమునకు తీగ లేకయే సంకేతము పంపు పరికరమును 1982లో విక్రయమునకు తెచ్చెను.

నేటి గడియారములు పెక్కింటికి పట్టీయే లేదు. వాని అడుగున వెలుగు ఆకుపచ్చని కాంతి చర్మములోనికి పోయి, నెత్తురు పొంగినపుడెల్ల కొంత తగ్గి తిరిగివచ్చును. గడియారము దానిని లెక్కించును. కూర్చున్నపుడు ఇది బాగుగనే పనిచేయును. పరుగున చేయి ఊగగా కాంతియు ఊగును. అడుగులు నిమిషమునకు 160, 170 పడుచుండ, గడియారము వానినే గుండె కొట్టుకొనుటగ భ్రమించుట కలదు. నాడి నడకను పాదముల నడకనుండి వేరుచేయలేని వైద్యుని శార్ఙ్గధరుడు శిష్యునిగ అంగీకరించి యుండడని మా నమ్మకము.

కావున ఖరీదైన గడియారముకన్న, ఛాతీపట్టీని సామాన్యమైన గడియారముతోనో చేతి ఫోనుతోనో కలుపుకొనుట మేలని మా అభిప్రాయము. పట్టీ గుండె విద్యుత్తునే గ్రహించును. కట్టుకొనుటకు ముందు దాని తాకుడు భాగములను నీటితో తడుపవలెను. అడుగుల లెక్కకు వేరే పరికరమక్కరలేదు, గడియారమే చూపును. సైకిలు తొక్కువారికి మాత్రము పెడలు కడ్డీకి అమర్చు చిన్న పరికరము కావలెను. పూర్వము అయస్కాంతము ఒక్కొక్క చుట్టును తెలిపెడిది, ఇప్పుడది లేకయు తెలియును.

వీనితోపాటు వచ్చు గరిష్ఠవేగపు సూత్రమును వేదవాక్యముగ గొనరాదు. 220 నుండి వయస్సును తీసివేయుట 1971 నాటి వ్యాసమువలన వ్యాపించినది. 2001లో తనాకా బృందము 208 నుండి వయస్సులో పదింట ఏడువంతులు తీసివేయుమని సవరించెను. ఇరువదియేండ్లవానికి మొదటి లెక్క 200, రెండవది 194. రెండును సగటులే, ఒక్కొక్కని గుండె పది పన్నెండు అటునిటుగ నుండును. పరుగున ఛాతీనొప్పియో కన్నులు తిరుగుటయో కలిగినచో అంకె యేదైనను ఆగి, వైద్యుని చూడవలెను.

కొన్నవారు ఒక పరీక్ష చేయవచ్చును. సమవేగమున పది నిమిషములు పరుగెత్తి, గడియారము చూపు అంకెను గమనించి, ఆగిన వెంటనే మణికట్టున వ్రేళ్లుంచి 15 సెకండ్లు నాడిని లెక్కించి నాలుగుతో హెచ్చవేయవలెను. ఆగినందున కొంత తగ్గుట సహజము. కాని గడియారము 172 చూపగా చేతి లెక్క 136 వచ్చినచో, ఆ గడియారము లెక్కించినది పాదములనే.