భౌగోళిక డేటాబేసుల అనుసంధాన లైసెన్సులు

భౌగోళిక డేటాబేసుల అనుసంధాన లైసెన్సులు అనగా, ఒక దత్తాంశ సమన్వయ సాఫ్టువేరు భౌగోళిక డేటాబేసులోని సమాచారాన్ని చదవడానికి, మార్చడానికి, తిరిగి వ్రాయడానికి కావలసిన సాఫ్టువేరు అనుమతులు. సమన్వయ సాఫ్టువేరును కొన్నంత మాత్రాన ప్రతి డేటాబేసునూ తెరిచే హక్కు రాదు. డేటాబేసుకూ, దానితో సంభాషించే మధ్యవర్తి సాఫ్టువేరుకూ వేరువేరు లైసెన్సులు ఉండవచ్చు. ఈ వ్యాసంలో ఎస్రీ సంస్థ జియోడేటాబేసును, సేఫ్ సాఫ్టువేర్ సంస్థ ఎఫ్‌ఎంఇని ప్రధాన ఉదాహరణలుగా తీసుకొని ఈ విషయం వివరించబడినది.

నేపథ్యం

రహదారులు, చెరువులు, పొలాల సరిహద్దులు మొదలైన వాటి ఆకారాన్నీ, స్థానాన్నీ, వివరాలనూ కలిపి భద్రపరచేది భౌగోళిక డేటాబేసు. ఒక కార్యాలయం ఒక రూపంలోను, మరొకటి వేరొక రూపంలోను సమాచారాన్ని ఉంచుకొనడం సాధారణం. ఒక రూపం నుండి మరొక రూపానికి సమాచారాన్ని చేరవేసేవే దత్తాంశ సమన్వయ సాఫ్టువేరులు. వీటిలో ప్రసిద్ధమైన ఎఫ్‌ఎంఇని రూపొందించిన సేఫ్ సాఫ్టువేర్ 1993లో కెనడాలో స్థాపించబడినది. ఎస్రీ 1969లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, రెడ్‌లాండ్స్ పట్టణంలో ప్రారంభమైనది.

ఎస్రీవారి పాత రూపమైన షేప్‌ఫైలు నిర్మాణ వివరాలను ఆ సంస్థే 1998లో బహిరంగంగా ప్రచురించినది. అందువలన ఏ సాఫ్టువేరైనా ఎస్రీ అనుమతి లేకుండానే షేప్‌ఫైలును చదవగలదు. తరువాత వచ్చిన జియోడేటాబేసు లోపలి అమరికను మాత్రం అదే విధంగా వెల్లడించలేదు. లైసెన్సుల చిక్కులకు మూలం ఈ తేడాయే.

మూడు అంచెల అనుమతి

అనుసంధానానికి ముందు మూడు ప్రశ్నలు వేసుకొనవలెను.

1. సమన్వయ సాఫ్టువేరు లైసెన్సు ఈ రూపాన్ని అనుమతిస్తున్నదా? గతంలో ఎఫ్‌ఎంఇ అనేక ఎడిషన్లుగా లభించేది. ఏ ఎడిషను ఏ రూపాలను తెరవగలదో వేరువేరుగా ఉండేది.
2. డేటాబేసు సాఫ్టువేరుకు లైసెన్సు ఉన్నదా? ఒరాకిల్ వంటివి వాణిజ్య సాఫ్టువేరులు.
3. ఈ రెండింటి మధ్య పనిచేసే లైబ్రరీకి లైసెన్సు అవసరమా? సాధారణంగా విస్మరించబడేది ఇదే.

జియోడేటాబేసు రకాలు

పర్సనల్ జియోడేటాబేసు: ఇది మైక్రోసాఫ్ట్ యాక్సెస్ ఫైలు. దీని పరిమాణం 2 గిగాబైట్లకు మించరాదు. ఆర్క్‌మ్యాప్ దీనిని తెరవగలదు కాని, దాని స్థానంలో వచ్చిన ఆర్క్‌జిఐఎస్ ప్రో తెరవలేదు.

ఫైల్ జియోడేటాబేసు: 2006లో ఆర్క్‌జిఐఎస్ 9.2తో వచ్చినది. 2011లో ఎస్రీ దీని కొరకు ఒక ఏపీఐని ఉచితంగా విడుదల చేసినది. దీనిని ఉపయోగించే ఎఫ్‌ఎంఇ రీడరుకు ఆర్క్‌జిఐఎస్ లైసెన్సు అవసరం లేదు. అయితే ఆర్క్‌జిఐఎస్ 10కి పూర్వపు ఫైళ్ళను ఈ ఏపీఐ తెరవలేదు. టోపాలజీ, నెట్‌వర్కు నియమాలను అమలు చేయలేదు.

ఎంటర్‌ప్రైజ్ జియోడేటాబేసు: ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ వంటి డేటాబేసులపై నిర్మితమైనది. ఎఫ్‌ఎంఇ దీనితో జియోడేటాబేసుగా అనుసంధానం కావాలంటే అదే కంప్యూటరులో లైసెన్సు గల ఆర్క్‌జిఐఎస్ ఉండవలెను. దీనిలో మార్పులు వ్రాయడానికి బేసిక్ స్థాయి లైసెన్సు చాలదు. స్టాండర్డ్ లేదా అడ్వాన్స్‌డ్ స్థాయి కావలెను. 2012లో వచ్చిన 10.1కి ముందు ఈ మూడు స్థాయిలను ఆర్క్‌వ్యూ, ఆర్క్‌ఎడిటర్, ఆర్క్‌ఇన్ఫో అనేవారు.

నేరుగా చదివితే ఏమవుతుంది?

డేటాబేసు లైసెన్సు ఉన్నప్పుడు ఎస్రీ సాఫ్టువేరు లేకుండా పట్టికలను నేరుగా చదవవచ్చును గదా అనే సందేహం సహజం. ఆకారాలు డేటాబేసుకు తెలిసిన రకంలో నిలువ ఉంటే చదవవచ్చు. కాని సాంప్రదాయిక వెర్షనింగు అమలులో ఉన్నచోట కొత్త సవరణలు మూలపట్టికలో కాక, చేర్పులు, తొలగింపుల కొరకు ఏర్పడిన ప్రత్యేక పట్టికలలో ఉంటాయి. మూలపట్టికను మాత్రమే చదివినవారికి నిన్నటి విభజనకు ముందున్న సరిహద్దే కనిపించవచ్చు. ఎటువంటి దోష సందేశమూ రాదు గనుక ఇది మరింత ప్రమాదకరం. నేరుగా వ్రాస్తే జియోడేటాబేసు నియమాలు భంగమవుతాయి. కాబట్టి ఇక్కడ లైసెన్సు అనేది వరుసలను చదివే అనుమతి మాత్రమే కాదు, ఆ నియమాలను పాటించే సాఫ్టువేరును వాడుకొనే అనుమతి కూడా.

ఇతర డేటాబేసులు

* ఒరాకిల్ స్పేషియల్: ఎంటర్‌ప్రైజ్ ఎడిషనుపై అదనపు రుసుముతో లభించేది. 2019 డిసెంబరులో ఒరాకిల్ ఈ రుసుమును తొలగించినది.
* ఎస్‌క్యూఎల్ సర్వర్: 2008 వెర్షను నుండి భౌగోళిక రకాలు ఉచిత ఎక్స్‌ప్రెస్ ఎడిషనులో కూడా ఉన్నాయి.
* పోస్ట్‌జిఐఎస్: 2001లో వెలువడిన స్వేచ్ఛా సాఫ్టువేరు. జీపీఎల్ లైసెన్సు క్రింద లభిస్తుంది. నెట్‌వర్కు ద్వారా దీనితో అనుసంధానమైనంత మాత్రాన మన సాఫ్టువేరును కూడా జీపీఎల్ క్రింద విడుదల చేయనవసరం లేదు.

స్వేచ్ఛా సాఫ్టువేరు మార్గం

జీడాల్ అనే స్వేచ్ఛా లైబ్రరీని అనేక భౌగోళిక సాఫ్టువేరులు వాడుతున్నాయి. దీని వికాసకర్తలు ఫైల్ జియోడేటాబేసు అమరికను పరిశోధించి, ఎస్రీ ఏపీఐతో పనిలేని డ్రైవరును 2014లో 1.11 వెర్షనులో చేర్చారు. మొదట చదవడానికే పరిమితమైన ఈ డ్రైవరుకు 2022లో 3.6 వెర్షనుతో వ్రాసే సామర్థ్యం కూడా వచ్చినది. ఎంటర్‌ప్రైజ్ రకానికి ఈ సౌలభ్యం వర్తించదు.

ఆచరణలో ఎదురయ్యే సమస్యలు

* సాఫ్టువేరుల పొంతన: ఆర్క్‌మ్యాప్ 32 బిట్ల సాఫ్టువేరు, ఆర్క్‌జిఐఎస్ ప్రో 64 బిట్లది. వీటిపై ఆధారపడే ఎఫ్‌ఎంఇ కూడా అదే రకానికి చెంది ఉండవలెను. పొంతన లేకపోతే లైసెన్సు ఉన్నా అనుసంధానం కుదరదు.
* సర్వరు ఖాతా: రాత్రివేళ తనంతట తాను నడిచే పనికి కంప్యూటరు ముందు కూర్చొని లాగిన్ అయ్యే మనిషి ఉండడు. ఆ ఖాతాకు లైసెన్సు అందేలా ముందే ఏర్పాటు చేయకపోతే పని ఆగిపోతుంది.
* గడువు: ఆర్క్‌మ్యాప్ మద్దతుకు 2026 మార్చి 1ని చివరి తేదీగా ఎస్రీ ప్రకటించినది. పర్సనల్ జియోడేటాబేసులలోని పాత సర్వేలను ఆర్క్‌మ్యాప్ పనిచేస్తుండగానే వేరొక రూపంలోకి మార్చుకొనడం క్షేమం.

ప్రాముఖ్యత

సర్వే చేసినవారు, సొమ్ము వెచ్చించినవారు, సమాచారానికి యజమానులు ఒకరే అయినా, దానిని తెరిచే సాధనం అద్దెకు తెచ్చుకొన్నదైతే బీరువా మనది, తాళంచెవి వేరొకరిది అన్నట్లు అవుతుంది. సమాచారంపై యాజమాన్యం, దానిని చదివే సాఫ్టువేరు లైసెన్సు వేరువేరు విషయాలు. అందుచేత వాణిజ్య డేటాబేసును ఉపయోగించే సంస్థలు కూడా తమ సమాచారానికి బహిరంగ రూపంలో ఒక ప్రతిని ఉంచుకొనడం మేలు.

ఇవి కూడా చూడండి

* భౌగోళిక సమాచార వ్యవస్థ
* స్వేచ్ఛా సాఫ్టువేరు
* డేటాబేసు